సైకిలు సామానుకీ వరస చూడాలి



ఈ పోస్టు పెద్దదే. రాత్రి మెస్సులో భోజనం అయ్యాక తీరిగ్గా చదవండి. ఈ మధ్య మన పిల్లలు ఏడెనిమిది మంది నన్ను ఒకటే అడుగుతున్నారు. "అన్నా, 200 కిలోమీటర్ల బ్రెవే తొక్కాలంటే ఏ సైకిలు కొనాలి? ముప్పై వేలదా, యాభై వేలదా?" పార్వతీపురం నుంచి అడిగారు, విజయనగరం నుంచి అడిగారు, సీతంపేట నుంచి అడిగారు. అడిగినవాళ్లలో ఒక్కరి దగ్గరా ముప్పై వేలు లేవు. స్కాలర్‌షిప్ పడితే అందులోంచి తీస్తానని ఒకడు, జీడిపిక్కలు అమ్మాక అయ్యని అడుగుతానని ఇంకొకడు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే అందరికీ ఒకేసారి రాస్తే మేలనిపించింది.

నా జవాబు ముందే చెప్పేస్తాను. కొత్త సైకిలు అక్కర్లేదు. ఉన్నదాన్నో, నాలుగైదు వేలకి దొరికే పాత గేరు సైకిల్నో బాగుచేసుకుంటే చాలు. కాని బాగుచెయ్యడమంటే ఖరీదైన సామాను బిగించడం కాదు, ఒకదానికొకటి సరిపడే సామాను బిగించడం. పెళ్లికి వరస చూసినట్టే సైకిలు సామానుకీ వరస చూడాలి. పిల్లా మంచిదే, పిల్లడూ మంచోడే, అయినా వరస కుదరకపోతే పెద్దలు ఒప్పుకోరు కదా. ఇదీ అంతే. రెండు మంచి పార్టులు కలిస్తే మంచి సైకిలు అయిపోదు.

ముందు బ్రెవే అంటే ఏంటో చెప్తాను

చాలామంది దీన్ని పందెం అనుకుంటున్నారు. పందెం కాదు. ఫస్టు, సెకండు, థర్డు ఉండవు. పారిస్‌లో 1904లో పుట్టిన ఆడాక్స్ క్లబ్ పారిసియన్ అనే సంఘం లెక్క ప్రకారం ప్రపంచమంతా ఈ ప్రయాణాలు జరుగుతాయి. మన దేశంలో ఆడాక్స్ ఇండియా రాండొనర్స్ ఆధ్వర్యంలో జరుగుతాయి. వీటినే బి.ఆర్.ఎం. అంటారు. 200 కి.మీ.కి 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు, 400కి 27 గంటలు, 600కి 40 గంటలు గడువు. ఒకే సీజన్లో ఈ నాలుగూ పూర్తి చేసినవాళ్లని సూపర్ రాండొనర్ అంటారు. పారిస్ నుంచి బ్రెస్ట్ దాకా వెళ్లి తిరిగొచ్చే 1200 కి.మీ. ప్రయాణం నాలుగేళ్లకోసారి వస్తుంది. 2019లో అయింది, 2023లో అయింది.

మనకి ఒక కార్డు ఇస్తారు. దారిలో కొన్ని చోట్ల కంట్రోల్ పాయింట్లు ఉంటాయి. అక్కడ ముద్ర వేస్తారు, లేదంటే ఆ టైముకి అక్కడున్నట్టు ఏటీఎం స్లిప్పో, బిల్లో, ఫోటోనో చూపించాలి. హెల్మెట్టు, ముందూ వెనకా లైట్లు, మెరిసే జాకెట్టు తప్పనిసరి. వెనకాల కారులో మనవాళ్లు నీళ్లూ సామానూ పట్టుకుని రావడానికి లేదు. పంచరైతే మనమే వేసుకోవాలి. ఇంకో ముఖ్యమైన సంగతి: మనిషి బలంతో నడిచే సైకిలు ఏదైనా సరే తొక్కొచ్చు. పాల క్యాన్లు కట్టుకునే సైకిలు మీద కూడా ఎవరూ వద్దనరు.

ఇప్పుడు లెక్క చూడండి. 200ని 13న్నరతో భాగిస్తే గంటకి 15 కిలోమీటర్ల లోపే. కాని అందులో తినడం, నీళ్లు, పంచరు, కంట్రోల్ దగ్గర ఆగడం అన్నీ ఉన్నాయి. గంటకి 18 చొప్పున తొక్కితే 11 గంటల పైచిలుకు పడుతుంది, ఆగడానికి రెండు గంటల పైన మిగులుతుంది. 20 చొప్పున తొక్కితే మూడున్నర గంటలు మిగులుతుంది. ఇది యాభై వేల సైకిలు అడిగే వేగం కాదు. నాలుగు నెలల అలవాటు అడిగే వేగం.

ఇక్కడే ఒక మాట. ఇలాంటి చోట్ల మన ఊరి పేరు చెప్పగానే, "మీకేంటమ్మా, కొండల్లో పుట్టినవాళ్లు, మీకు పుట్టుకతోనే స్టామినా" అనేవాళ్లు ఉంటారు. మంచి మనసుతోనే అంటారు. మనవాళ్లు కూడా కొంతమంది నమ్మేస్తున్నారు. నేను నమ్మను. కొండెక్కి దిగడం వేరు, పన్నెండు గంటలు సీటు మీద కూర్చుని ఒకే లయలో కాళ్లు తిప్పడం వేరు. నడుం, మెడ, అరచేతులు, సీటు తగిలే చోటు, అన్నీ కొత్తగా అలవాటు పడాలి. పుట్టుకతో వచ్చిందంటే మనం చేసిన సాధనకి విలువ ఉండదు. సాధన చెయ్యకుండా వెళ్లినవాడు వంద దగ్గర ఆగిపోతే, "వీళ్లకే కాలేదు" అనే మాట కూడా మనమే మోయాలి.

మా పెద్దమ్మ కొడుకు సైకిలు

వీడు నాకు తమ్ముడవుతాడు, డిగ్రీ రెండో ఏడాది. పాత 21 గేర్ల సైకిలు నాలుగు వేలకి కొన్నాడు. 26 అంగుళాల చక్రాలు, ముందు మూడు పళ్లచక్రాలు, వెనక ఏడు. సీతంపేట వైపు కొండ ఎక్కేటప్పుడు గేరు చాలడం లేదని, వెనక ఇంకా పెద్ద పళ్లచక్రం వేయించుకుందామని టౌనుకెళ్లాడు. ఒక షాపులో 9 గేర్ల క్యాసెట్టు, దానికి తగ్గ చైను ఇచ్చారు. "కొత్త మోడలు, దీనికి మించింది లేదు" అన్నారు. రెండూ కలిపి రెండు వేల ఏడొందలు. వేసవిలో జీడితోటలో కూలికెళ్లి దాచుకున్న డబ్బు. ఇంటికి తెచ్చి చూస్తే హబ్బుకి ఎక్కనే ఎక్కదు. వాపసు తీసుకోమంటే కవరు చింపేశావన్నారు. "ఏటి సేత్తాం అన్నియ్యా, డబ్బులు పోనాయి" అని నా దగ్గరికొచ్చాడు.

వాడికి ఇచ్చిన సామాను మంచిదే. నకిలీ కూడా కాదు. కాని వరస వేరు. ఎందుకో చెప్తాను. ఇది తెలిస్తే మీలో ఎవరికీ ఈ పరిస్థితి రాదు.

వెనక పళ్లచక్రాలు రెండు రకాలు. మొదటి రకం ఫ్రీవీల్. పళ్లూ, లోపల టక్ టక్‌మనే రాచెట్టూ కలిపి ఒకే ముద్ద. హబ్బు మీద మరలా తిప్పి బిగిస్తారు. మన మామూలు సైకిలుకి ఉండేది ఇదే, ఆరేడు గేర్ల చవక సైకిళ్లకి ఉండేదీ ఎక్కువగా ఇదే. రెండో రకం క్యాసెట్టు. ఇందులో రాచెట్టు హబ్బులోనే ఉంటుంది, పళ్లచక్రాలు మాత్రమే గాడుల మీద జారించి పైన ఒక రింగు బిగిస్తారు. ఎనిమిది, తొమ్మిది, పది గేర్ల సైకిళ్లకి ఇది ఉంటుంది. ఫ్రీవీల్ హబ్బుకి క్యాసెట్టు ఎక్కదు, క్యాసెట్టు హబ్బుకి ఫ్రీవీల్ ఎక్కదు. ఒకటి మర, ఇంకొకటి గాడి. గుర్తుపట్టడం ఎలా అంటే, పెడలు వెనక్కి తిప్పి చిన్న పళ్లచక్రం దగ్గరున్న మధ్య భాగం చూడండి. చైను వెనక్కి తిరుగుతున్నప్పుడు ఆ మధ్య భాగం దానితోపాటు తిరిగితే క్యాసెట్టు, కదలకుండా ఉంటే ఫ్రీవీల్. షాపుకెళ్లే ముందు ఈ ఒక్క పరీక్ష చాలు.

సరే, చక్రమే మార్చి క్యాసెట్టు హబ్బు వేయించామనుకోండి. అప్పుడూ తొమ్మిది గేర్లు పనిచెయ్యవు. హ్యాండిల్ మీద ఉన్న షిఫ్టరుకి ఏడు నొక్కులే. ఒక్కో నొక్కుకీ అది లాగే తీగ పొడవు లెక్కపెట్టి ఉంటుంది. షిమానోలో ఏడు గేర్ల పళ్లచక్రాల మధ్య దూరం 5 మి.మీ., ఎనిమిదిలో 4.8, తొమ్మిదిలో 4.34, పదిలో 3.95. ఏడు గేర్ల షిఫ్టరుతో తొమ్మిది గేర్లు మారిస్తే చైను రెండు పళ్లచక్రాల మధ్య కరకరలాడుతూ ఉంటుంది. ఎక్కుడులో, బలమంతా పెట్టి తొక్కుతున్నప్పుడు జారుతుంది. అలా జారితే మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది, లేదంటే మనిషి పడతాడు. అందుకే గేర్ల సంఖ్య దగ్గర షిఫ్టరూ వెనక పళ్లచక్రాలూ ఒకటే మాట మీద ఉండాలి. నొక్కులు లేకుండా నున్నగా తిరిగే పాత రకం లివరు ఉంటే మాత్రం దానికి ఈ పట్టింపు లేదు. చేత్తో చూసుకుని సర్దుకోవచ్చు.

చైను సంగతి. లోపలి వెడల్పు 6, 7, 8 గేర్లకి ఒకటే. అందుకే "8 గేర్ల చైను" అని రాసినది ఏడు గేర్ల సైకిలుకి నిశ్చింతగా వేసుకోవచ్చు. 9, 10, 11కి పోయేకొద్దీ చైను సన్నబడుతుంది, వేటికవే. గేర్లు లేని సైకిలు చైను ఇంకా వెడల్పు, అది గేరు సైకిలుకి పనికిరాదు. చైను అరిగిందో లేదో స్కేలుతోనే తెలుస్తుంది. ఒక్కో లింకు అర అంగుళం. ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టి 24 లింకులు లెక్కపెడితే 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉండాలి. గీత దాటి అంగుళంలో పదహారో వంతు వెళ్తే చైను మార్చండి. ఎనిమిదో వంతు వెళ్లిపోతే వెనక పళ్లు కూడా అరిగిపోయినట్టే, రెండూ మార్చాలి. మొదటిదశలోనే మారిస్తే నాలుగైదు వందలతో పోతుంది.

వెనక గేరు మార్చే డీరేలరుకి కూడా ఒక హద్దు ఉంటుంది. అది ఎన్ని పళ్ల చక్రం దాకా ఎక్కగలదో ఒకటి, ఎంత చైను సాగదీసి పట్టుకోగలదో ఇంకొకటి. రెండో దాని లెక్క ఇది: ముందు పెద్ద చక్రంలోంచి ముందు చిన్నది తీసెయ్యండి, వెనక పెద్దదాంట్లోంచి వెనక చిన్నది తీసెయ్యండి, రెండూ కలపండి. తమ్ముడి సైకిలుకి ముందు 48, 38, 28. వెనక 14 నుంచి 28. అంటే 20, 14 కలిపి 34. వెనక 14-34 వేస్తే 20, 20 కలిపి 40. పొడుగు చెయ్యి ఉన్న మామూలు షిమానో టూర్నీ డీరేలరు 43 దాకా మోస్తుంది. కాబట్టి కుదిరింది. షిమానోలో 6 నుంచి 9 గేర్ల దాకా డీరేలర్లు ఒకదాని బదులు ఒకటి పనిచేస్తాయి. పది గేర్ల మౌంటెన్ సైకిలు డీరేలరు మాత్రం వేరే లెక్క, దాన్ని కలపకండి. శ్రామ్ లివరుకి షిమానో డీరేలరు కూడా కలపకండి.

వాడికి చివరికి మేం వేసింది ఏడు గేర్ల 14-34 ఫ్రీవీలు, 8 గేర్ల చైను, కొత్త తీగలు, కొత్త బ్రేకు రబ్బర్లు. రెండు వేల లోపే అయింది. ముందు 28, వెనక 28 ఉన్నప్పుడు పెడలు ఒక చుట్టు తిప్పితే సైకిలు రెండు మీటర్ల చిల్లర ముందుకెళ్లేది. ఇప్పుడు వెనక 34తో మీటరు డెబ్భై సెంటీమీటర్లే వెళ్తుంది. నెమ్మదే, కాని దిగి తోసుకుంటూ నడిచే అవసరం పోయింది. ఆ 9 గేర్ల క్యాసెట్టు ఇంకా మా ఇంట్లో అటక మీద ఉంది. దానికి వరస కుదిరే సైకిలు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, సగం ధరకి ఇచ్చేస్తాడు.

టైరూ, గాలీ, బ్రేకూ

టైరు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంగుళాలు నమ్మకండి. పక్కన చిన్నగా 32-622 లాగ రెండు అంకెలు ఉంటాయి. రెండోదే అసలు కొలత, రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, మిల్లీమీటర్లలో. 700సి అంటే 622. మౌంటెన్ సైకిలు 26 అంటే 559. మామూలు సైకిలు 26 × 1⅜ అంటే 590. రెండూ "ఇరవయ్యారే", కాని ఒకదాని టైరు ఇంకొకదానికి ఎక్కదు. అలాగే మన తాతల కాలం నల్ల సైకిలు 28 × 1½ అంటే 635. 700సి టైరు మీద కూడా 28 అని రాసి ఉండొచ్చు, అది 622. పదమూడు మిల్లీమీటర్ల తేడా. ఎంత లాగినా అవ్వదు.

గాలి పెట్టే వాల్వు మూడు రకాలు. నల్ల సైకిలుది ఒకటి, బైకుకి ఉండే లావుపాటిది ఒకటి, రోడ్డు సైకిళ్ల సన్నపాటిది ఒకటి. సన్నదానికి పెట్రోలు బంకులో గాలి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు ఉండాలి, దొరికినప్పుడు రెండు కొని ఉంచుకోండి. సన్న వాల్వు కోసం కొట్టిన రిమ్ము రంధ్రంలో లావు వాల్వు దూరదు కూడా.

నా అభిప్రాయం ఏంటంటే, మన ఏజెన్సీలో తొక్కేవాడికి మొదటి ప్రశ్న "ఏది మంచిది" కాదు, "ఏది పాలకొండలోనో, పార్వతీపురంలోనో, సాలూరులోనో దొరుకుతుంది" అన్నది. దొరకని మంచి ట్యూబుకంటే దొరికే మామూలు ట్యూబే మేలు.

బ్రేకుల దగ్గర మాత్రం రాజీ పడకండి. సాలూరు దాటి పి.కోనవలస నుంచి సుంకి ఘాట్ మీదుగా కొరాపుట్ వైపు వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి మీద ఎక్కడం కష్టం, దిగడం ప్రమాదం. వి-బ్రేకుకి తీగ ఎక్కువ లాగే లివరు కావాలి. రోడ్డు సైకిలు లివరు తక్కువ లాగుతుంది. వాటిని కలిపితే లివరు హ్యాండిల్‌కి ఆనేస్తుంది కాని చక్రం ఆగదు. డిస్కు బ్రేకు సైకిలు అని మురిసిపోయి లివరు చూడకుండా కొనకండి, అక్కడా అదే సంగతి. ఇనుప రిమ్ములు తడిస్తే బ్రేకు దాదాపు పట్టదు. వానాకాలం ఘాట్ దిగాలంటే అల్యూమినియం రిమ్ములు వేయించుకున్నాకే దిగండి.

ఇంకొక్కటి. ఎడమ పెడలుకి మర తిరకాసుగా, అంటే ఎదురు వైపు తిరుగుతుంది. పెడళ్ల మీద ఎల్, ఆర్ అని రాసి ఉంటుంది. చూడకుండా బలంగా బిగిస్తే క్రాంకు లోపలి మర పోతుంది, ఇక క్రాంకే మార్చాలి. ఈ సంగతులన్నీ నేను నేర్చుకున్నది ఎక్కువగా షెల్డన్ బ్రౌన్ అనే అమెరికా మెకానిక్ రాసినవాటి నుంచి. ఆయన 2008లో పోయాడు. ఆయన రాతలు ఇప్పటికీ ఇంటర్నెట్‌లో డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు. ఇంగ్లీషు కొంచెం వస్తే చాలు.

ఆ 200 కిలోమీటర్లు

తమ్ముడూ నేనూ విశాఖ నుంచి తొక్కాం. పొద్దున్న ఆరింటికి మొదలు. 16వ నంబరు జాతీయ రహదారి మీద తగరపువలస, భోగాపురం, పూసపాటిరేగ, రణస్థలం దాటి శ్రీకాకుళం వైపు వెళ్లి తిరిగి రావాలి. వచ్చినవాళ్లలో డాక్టర్లు, నేవీవాళ్లు, ఉద్యోగస్థులు ఎక్కువ. లక్ష రూపాయల సైకిళ్లు కూడా ఉన్నాయి. తమ్ముడి సైకిలు చూసి ఒకాయన వంగి మరీ ఫ్రీవీలు చూశాడు. "ముప్పై నాలుగా? తెలివైన పని" అన్నాడు. అంతే, ఇంకేం అడగలేదు.

వెళ్లేటప్పుడు బాగానే వెళ్లాం. చోడి అంబలి సీసాలో పోసుకున్నాం, అరటిపళ్లు, ఉప్పు, బెల్లం జేబులో ఉన్నాయి. తిరిగొచ్చేటప్పుడు పూసపాటిరేగ దగ్గర వాడికి పంచరు. హైవే పక్కన లారీ టైర్లు పేలినప్పుడు రాలే సన్నటి ఇనుప తీగముక్క. ట్యూబు మార్చాం. భోగాపురం దాటాక మళ్లీ పంచరు, ఇంకో తీగముక్క. స్పేరు ట్యూబు అయిపోయింది. వెనకాల వస్తున్న ఇద్దరు ఆగి తమ ట్యూబు ఇస్తామన్నారు. రెండూ 700సి, సన్న వాల్వువి. వాడిది 26, లావు వాల్వు. దారిపొడవునా అంతమంది ఉన్నా, ఆ కొలత ట్యూబు ఒక్కరి దగ్గరా లేదు. చీకటి పడుతోంది. వాళ్లలో ఒకాయన లైటు పట్టుకున్నాడు, నేను టైరు లోపల వేలితో తడిమి తీగముక్క తీశాను, వాడు ట్యూబు గీకి, సొల్యూషను రాసి, ప్యాచ్ అంటించి గాలి కొట్టాడు. ఐదో తరగతి నుంచి వాడు వాళ్ల అయ్య సైకిలుకి చేసిన పనే. చెయ్యి వణకలేదు.

గడువుకి ఇరవై నిమిషాలు ఉందనగా ఇద్దరం చేరాం. కార్డు మీద సంతకం పెట్టించుకుని వాడు అన్న మొదటి మాట, "మల్లీ ఎప్పుడన్నియ్యా?" రెండో మాట, "ఈసారి రెండు ట్యూబులు అట్టుకెళ్లాల."

ఇదంతా మనకెందుకు అనేవాళ్లకి

మా ఊరి పెద్దాయన ఒకరు అడిగారు. "గర్భిణీని డోలీలో మోసే ఊళ్లు ఇంకా ఉన్నాయి. రోడ్డు అడగడం మానేసి సైకిలాటలేట్రా బావూ?" ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోలేదు. మీరూ తీసుకోకండి. సైకిలు తొక్కితే రోడ్డు రాదు. రోడ్డు కోసం ఐటీడీఏకి వెళ్లాల్సిందే, అర్జీ పెట్టాల్సిందే, అడగాల్సిందే. కాని రోడ్డు వచ్చేదాకా మన పిల్లలు ఏ ఆటా ఆడకూడదంటే ఒప్పుకోను. ఆట కూడా మన హక్కుల్లోదే.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చేదాకా మన దేశపు ఏ ఆడపిల్లా ఒలింపిక్ పతకం తేలేదు. సైకిలు వరకే చూస్తే, నికోబార్ దీవుల కుర్రాడు ఈసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండ్‌లో జూనియర్ ప్రపంచ ట్రాక్ పోటీల్లో కైరిన్‌లో వెండి పతకం తెచ్చాడు. డెబోరా హెరాల్డ్ 2004 సునామీలో చెట్టు పట్టుకుని బతికి బయటపడ్డ అండమాన్ పిల్ల, తర్వాత దేశం తరఫున ట్రాక్ మీద పోటీ చేసింది. కార్ నికోబార్ కుర్రాడు డేవిడ్ బెక్‌హామ్ 2022 కామన్వెల్త్ క్రీడలకి వెళ్లాడు. దీవుల చివర నుంచి వాళ్లు వెళ్లారు. మనకి హైవే పక్కనే ఉంది.

అందరూ 200 తొక్కక్కర్లేదు కూడా. జూన్ 3న ప్రపంచ సైకిలు దినోత్సవానికి, ఫిట్ ఇండియావాళ్ల ఆదివారం సైకిలు రైడ్లకి, పది పాతిక కిలోమీటర్ల చిన్న ప్రయాణాలు జరుగుతుంటాయి. ఆడపిల్లలు అక్కడ మొదలుపెట్టండి. బడికొస్తా పథకంలో ఇచ్చిన సైకిళ్లు చాలా ఇళ్లలో చూరు కింద తుప్పు పడుతున్నాయి. బేరింగు గోళీలు మార్చి, గ్రీజు పెట్టి, టైర్లు వేస్తే అవి మళ్లీ నడుస్తాయి. పాతిక కిలోమీటర్లకి గేర్లు అక్కర్లేదు.

ఒక హెచ్చరిక మాత్రం తప్పకుండా పాటించండి. మన జాతుల్లో సికిల్ సెల్ ఉన్నవాళ్లు ఉన్నారు. ప్రభుత్వం 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టి 40 ఏళ్ల లోపువాళ్లందరికీ పరీక్షలు చెయ్యాలని పెట్టుకుంది. మీ కార్డు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే పీహెచ్‌సీలో పరీక్ష చేయించుకోండి. జబ్బు ఉన్నా, లక్షణాలు లేకుండా వాహకులుగా ఉన్నా, నీళ్లు తాగకుండా ఎండలో గంటల తరబడి ఒళ్లు అలిసిపోయేలా తొక్కితే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరుని అడగకుండా దూరాలకి దిగకండి. రక్తం తక్కువున్న చెల్లెళ్లు కూడా ముందు దాని సంగతి చూసుకోండి. సైకిలు ఎక్కడికీ పోదు.

ఇప్పుడు చెయ్యాల్సిన పని

ఒక్కో హాస్టల్లో ఒక్కో పనిముట్ల డబ్బా పెట్టుకుందాం. ఫ్రీవీలు ఊడదీసే టూలు, చైను పిన్ను తోసే టూలు, కోన్ స్పానర్లు, అల్లెన్ కీలు, టైరు లివర్లు, పంపు, ప్యాచ్ కిట్టు. పదిమంది తలో రెండొందలు వేసుకుంటే డబ్బా నిండుతుంది. డబ్బా దగ్గర ఒక నోటుబుక్కు ఉండాలి. ఎవరి సైకిలుకి ఏ పార్టు పట్టిందో, ఏది పట్టలేదో, ఏ ఊళ్లో ఎంతకి దొరికిందో అందులో రాయాలి. ఒకడి డబ్బు పోతే ఆ పాఠం ఇంకో పదిమందికి ఉచితంగా అందాలి.

తొక్కాలనుకున్నవాళ్లు మొదటి నెల వారానికోసారి 40, రెండో నెల 60, మూడో నెల 100, నాలుగో నెల ఒక్కసారి 140 చెయ్యండి. 140 చేసినవాడు 200 చేస్తాడు. ఏ వారమైనా మోకాలు నొప్పి పెడితే దూరం పెంచకండి, ముందు సీటు ఎత్తు చూడండి.

ఏదైనా కొనే ముందు మీ సైకిలు గురించి ఈ ఆరు సంగతులు కాగితం మీద రాసి ఇక్కడ పెట్టండి: టైరు మీద రెండో అంకె. వాల్వు రకం. వెనక ఫ్రీవీలా, క్యాసెట్టా. షిఫ్టరుకి ఎన్ని నొక్కులు. ముందూ వెనకా పళ్ల సంఖ్య. బ్రేకు రకం. నేను చూస్తాను. నాకంటే బాగా తెలిసిన అన్నలు ఇక్కడున్నారు, వాళ్లూ చూస్తారు. వరస కుదిరిందని నలుగురం చెప్పాకే డబ్బు తియ్యండి.

జై ఆదివాసీ.